మోన్జా మొదటి షికేన్: లోపలికి దూరితే ఆ చోటు ఎవరిది?

పసుపుజెండా
నిన్నటి మన ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ (కంప్యూటర్ మీద కారు రేసుల) లీగ్ రేసులో జరిగిన ఒక ఢీ మీద మా స్టీవర్డ్లు (రేసు తీర్పరులు) ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదరలేదు. తీర్పు ఇచ్చేముందు ఇక్కడ అందరి మాటా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పేర్లు, కారు నంబర్లు పెట్టడం లేదు. దయచేసి ఎవరూ ఊహించి రాయొద్దు. ముందున్న కారు ‘ఏ’, వెనకది ‘బీ’ అనుకోండి.

సిమ్ అసెట్టో కోర్సా కాంపిటిజియోనే, ట్రాక్ ఇటలీలోని మోన్జా, కార్లు జీటీ3 (స్పోర్ట్స్ కార్ల నుంచి చేసిన రేసు తరగతి). మొదటి షికేన్ అంటే మెయిన్ స్ట్రెయిట్ చివర వేగం తగ్గించే కుడి, ఎడమ జంట మలుపులు. రేసు సగం దాటింది, ట్రాక్ పొడిగా ఉంది. చివరి మలుపు పారాబొలికా నుంచి బయటికొచ్చేసరికి ఇద్దరి మధ్య 0.4 సెకన్లు. మెయిన్ స్ట్రెయిట్‌లో బీకి స్లిప్‌స్ట్రీమ్ (ముందు కారు చీల్చిన గాలిలో వచ్చే అదనపు వేగం) దొరికింది. ‘ఏ’ ఎడమవైపు రేసింగ్ లైన్ (మలుపుకి అతి వేగమైన దారి) మీదే ఉన్నాడు, లోపలి వైపు కాపాడుకోలేదు. బ్రేకింగ్ చోటుకి వచ్చేసరికి బీ కుడివైపుకి జరిగాడు. అయితే అప్పటికి అతని ముందు బంపర్‌కీ ఏ వెనక బంపర్‌కీ మధ్య ఇంకా సగం కారు ఖాళీ ఉంది. బీ ఏ కంటే దాదాపు 10 మీటర్లు ఆలస్యంగా బ్రేక్ వేశాడు. ఏ కుడికి తిప్పే క్షణానికి బీ ముందు చక్రం ఏ వెనక చక్రం పక్కకి చేరింది. బీ ఎడమ ముందు మూల ఏ కుడి వెనక చక్రానికి తగిలింది. ఏ స్పిన్ అయి నాలుగో స్థానం నుంచి పదమూడుకి పడిపోయాడు. బీ ఆగకుండా వెళ్లి నాలుగులో ముగించాడు.

బీ అంటున్నది: ‘నేను పక్కనే ఉన్నాను, అతనే నా మీదికి తిప్పాడు.’ ఏ అంటున్నది: ‘నేను బ్రేక్ వేసినప్పుడు పక్కన ఎవరూ లేరు.’ రిప్లే చూస్తే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మరి తప్పు ఎవరిది?

లేట్‌బ్రేకర్
నా ఓటు బీకి. ఏ లోపలి తలుపు బార్లా తెరిచి పెట్టాడు. వెనక 0.4 సెకన్లలో కారు ఉందని తెలుసు, స్లిప్‌స్ట్రీమ్‌లో దగ్గరవుతోందని తెలుసు. మోన్జాలో ఓవర్‌టేక్ చేసే అతి ముఖ్యమైన చోటు అదే. అద్దాలున్నాయి, పక్కనున్న కార్లని తెరమీద చూపే రేడార్ ఉంది, స్పాటర్ చెవిలో ‘కుడివైపు కారు’ అని చెబుతుంది. చక్రం చక్రం పక్కన ఉన్నప్పుడు తిప్పేస్తే ఎదుటివాడు ఎక్కడికి పోవాలి? ఈ ఎత్తుగడకి కూడా శిక్ష వేస్తే ఇక రేసులో అందరూ ఒకరి వెనక ఒకరు వరుసగా తిరగడమే మిగులుతుంది.

నియమావళి
లేట్‌బ్రేకర్ బ్రదర్, ‘పక్కన’ అంటే ఎప్పుడు, ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఫార్ములా 1 స్టీవర్డ్ల కోసం ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ) ఇచ్చిన డ్రైవింగ్ ప్రమాణాల మార్గదర్శకాల్లో, లోపలి నుంచి దాటేవాడి ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) అపెక్స్‌కి (మలుపు లోపలి అంచుకి అతి దగ్గరయ్యే చోటుకి) చేరేసరికి కనీసం ఎదుటి కారు అద్దం పక్కకైనా రావాలని ఉంది. వెనక చక్రం పక్కకి రావడం సరిపోదు. అంతేకాదు, కారు అదుపులో ఉండాలి, ట్రాక్ హద్దులు దాటకుండా మలుపు పూర్తిచేసే స్థితిలో ఉండాలి అని కూడా ఉంది. మనవాళ్లు మొదటి వాక్యాన్నే పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు.

మనది జీటీ3 లీగ్, ఫార్ములా 1 కాదు. ఆ కొలతలు మనకి చట్టం కావు, ఒప్పుకుంటాను. కానీ ఏదో ఒక గీత ఉండాలి కదా.

‘ఏ’ డిఫెండ్ చేయకపోవడం (లోపలి వైపు కాపాడుకోకపోవడం) తప్పెలా అవుతుంది? ఎఫ్ఐఏ అంతర్జాతీయ క్రీడా నియమావళి, అనుబంధం ఎల్, నాలుగో అధ్యాయం చూడండి. స్థానం కాపాడుకోవడానికి ఒకసారి మాత్రమే దిశ మార్చొచ్చు. పక్కకి వెళ్లి తిరిగి రేసింగ్ లైన్‌కి వచ్చేటప్పుడు ట్రాక్ అంచు దగ్గర కనీసం ఒక కారు పట్టేంత చోటు వదలాలి. ఇవి హద్దులు. ‘తప్పకుండా డిఫెండ్ చేయాలి’ అని ఎక్కడా లేదు.

లేట్‌బ్రేకర్
అద్దం దాకా రావాలంటే జీటీ3లో ఎవరూ ఎప్పుడూ దాటలేరు. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో బ్రేకింగ్ తేడా చాలా తక్కువ.

మూడోగేర్
తక్కువే. అందుకే ఈ సంగతి కొంచెం లోతుగా చూడాలి. నియమాలు పక్కన పెట్టి కారు సంగతి మాట్లాడతాను.

మోన్జా మెయిన్ స్ట్రెయిట్ చివర జీటీ3 కారు 270 దగ్గర వస్తుంది అనుకుందాం. స్లిప్‌స్ట్రీమ్‌లో ఉన్నవాడు ఇంకో 6 కిలోమీటర్లు ఎక్కువతో వస్తాడు. ఆపాల్సిన శక్తి వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి ఆ 6 కిలోమీటర్లకే బ్రేకింగ్ దూరం దాదాపు 5 శాతం పెరుగుతుంది. ఇది ఒకటి.

రెండోది, ముందు కారు వెనక గాలి చెదిరిపోయి ఉంటుంది. స్ట్రెయిట్‌లో అది మనకి లాభం. బ్రేక్ వేసే క్షణంలో అదే నష్టం. గాలి తగ్గితే కారుని ఆపడానికి సాయపడే డ్రాగ్ (గాలి అడ్డు) తగ్గుతుంది, ముందు చక్రాల మీద డౌన్‌ఫోర్స్ (గాలి కారుని కిందికి నొక్కే బలం) తగ్గుతుంది. ఏబీఎస్ తొందరగా పనిచేయడం మొదలుపెడుతుంది. పెడల్ గట్టిగా తొక్కే ఉంటారు, కారు మాత్రం అనుకున్నంత ఆగదు.

మూడోది, లోపలి లైన్. బయటి నుంచి వచ్చేవాడికి మలుపు వెడల్పుగా ఉంటుంది, లోపలి నుంచి వచ్చేవాడికి ఇరుకుగా ఉంటుంది. ఇరుకైన మలుపు తిరగాలంటే ఇంకా నెమ్మదించాలి. పైగా ఆ చోట ఎక్కువమంది బ్రేక్ వేయరు కాబట్టి రబ్బరు పడని దుమ్ము తారు.

అంటే బీ ఎక్కువ వేగంతో వచ్చాడు, తక్కువ పట్టుతో వచ్చాడు, ఎక్కువ నెమ్మదించాల్సిన లైన్ ఎంచుకున్నాడు. మామూలు ల్యాప్ కంటే ముందుగా బ్రేక్ వేయాల్సిన మనిషి 10 మీటర్లు ఆలస్యంగా వేశాడు. ఆ తర్వాత అతని చేతిలో ఏమీ లేదు. టైరు పట్టుకి జీతం ఒకటే, ఖర్చులు రెండు: ఆపడం, తిప్పడం. మొత్తం ఆపడానికే పెట్టేస్తే తిప్పడానికి మిగలదు. స్టీరింగ్ తిప్పుతాడు, కారు నేరుగా పోతుంది. ఎడమవైపు, అంటే సరిగ్గా ఏ ఉన్న చోటికి.

పసుపుజెండా గారు, నా సలహా ఇది. రిప్లేలో ‘ఏ’ కారు అక్కడ లేదనుకుని చూడండి. బీ ఆ వేగంతో షికేన్‌లోని మొదటి కుడి మలుపుని లోపలి సగంలోనే పూర్తిచేసేవాడా? చేసేవాడైతే ‘ఏ’ చోటు ఇవ్వలేదన్న వాదనకి బలం ఉంది. కాకపోతే అతను ఆగడానికి ‘ఏ’ కారుని వాడుకున్నట్టే.

పింగ్‌90
ఇంత దగ్గరి తేడాల మీద తీర్పు చెప్పేటప్పుడు నెట్‌వర్క్ సంగతి మరిచిపోవద్దు. 270 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 75 మీటర్లు. మీ కంప్యూటర్‌కీ ఎదుటివాడి కంప్యూటర్‌కీ మధ్య 100 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే ఆ వేగంలో అది 7.5 మీటర్లు. జీటీ3 కారు పొడవు సుమారు 4.6 మీటర్లు. అంటే కారున్నర కంటే ఎక్కువ.

మరి కార్లు గెంతుతూ కనబడవేం? సిమ్ ఊహించి గీస్తుంది కాబట్టి. చివరగా అందిన సమాచారంలో కారు ఏ దిశలో, ఏ వేగంతో పోతోందో చూసి ఇప్పుడు ఇక్కడ ఉండాలి అని గీస్తుంది. స్ట్రెయిట్‌లో ఆ ఊహ బాగా కుదురుతుంది. ఎదుటివాడు అప్పుడే బ్రేక్ తొక్కితే, అప్పుడే స్టీరింగ్ తిప్పితే ఊహ తప్పుతుంది. ఆ కబురు అందేదాకా మీ తెరమీద అతను ఇంకా పూర్తి వేగంతో పోతూనే ఉంటాడు. బ్రేకింగ్ చోట్లలోనే ఎక్కువ ఢీలు జరగడానికి ఇదీ ఒక కారణం.

అందుకే పసుపుజెండా గారు, ‘ఏ’ తెరమీద ఏం కనిపించిందో, బీ తెరమీద ఏం కనిపించిందో రెండూ తెప్పించుకోండి. ఒక్క రిప్లే చూసి సగం కారు, పావు కారు అని కొలిస్తే ఎవరికో అన్యాయం జరుగుతుంది.

లేట్‌బ్రేకర్
చూశారా, మరి నెట్‌వర్క్ తప్పు బీ మీద ఎలా వేస్తారు?

పింగ్‌90
నెట్‌వర్క్ వల్ల ఎవరూ 10 మీటర్లు ఆలస్యంగా బ్రేక్ వేయరు. ఆలస్యం ఉంటుందని తెలిసినప్పుడు ఇంకొంచెం దూరం ఉంచుకోవడం వెనకున్నవాడి పని. ముందున్నవాడు వెనక్కి చూస్తూ నడపలేడు కదా.

కొత్తచక్రం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ మధ్యే ఐరేసింగ్ అనే ఇంకో సిమ్‌లో మొదలుపెట్టాను, రూకీ (కొత్తవాళ్ల) లైసెన్స్, మాజ్డా ఎంఎక్స్5 కారు. నేను ఎవరినీ గుద్దడం లేదు. మలుపులోకి వెళ్లేటప్పుడు కారే వెనక నుంచి తిరిగిపోతోంది, అప్పుడు వెనకవాళ్లు వచ్చి తగులుతున్నారు. నాకే ఇన్సిడెంట్ పాయింట్లు పడుతున్నాయి, సేఫ్టీ రేటింగ్ పడిపోతోంది. స్పిన్‌కి ఒకసారి, వాళ్లు నన్ను గుద్దినందుకు ఇంకోసారి ఎందుకు? చాలా టెన్షన్‌గా ఉంటోంది, రేసు మొదలవ్వకముందే చేతులు చెమటలు పడుతున్నాయి.

నియమావళి
స్వాగతం తమ్ముడూ. ఐరేసింగ్ ఇన్సిడెంట్ పద్ధతి తప్పు ఎవరిదో చూడదు. ట్రాక్ బయటికెళ్తే 1 ఎక్స్ (ఒక ఇన్సిడెంట్ పాయింట్), అదుపు తప్పితే 2 ఎక్స్, ఇంకో కారుతో గట్టిగా తగిలితే 4 ఎక్స్. ఆ నాలుగు ఇద్దరికీ పడతాయి. చిన్నగా రాసుకుంటే 0 ఎక్స్ అని చూపిస్తుంది, లెక్కలోకి రాదు. సేఫ్టీ రేటింగ్ అనేది ఎన్ని మలుపులకి ఎన్ని ఇన్సిడెంట్లు అన్న లెక్క. కాబట్టి ఒక్క రేసు పాడైనంత మాత్రాన ఏమీ కాదు. శుభ్రంగా మలుపులు పోగేస్తే తిరిగి పెరుగుతుంది.

ఇద్దరికీ వేయడం అన్యాయంగా అనిపిస్తుంది, నిజమే. కానీ తప్పుని కంప్యూటర్‌తో తేల్చడం చాలా కష్టం. పైన ఒక్క ఢీ మీద ఎంత చర్చ నడుస్తోందో చూస్తున్నావు కదా. గ్రాన్ టురిస్మో స్పోర్ట్ అనే రేసింగ్ ఆటలో తగిలితే ఆట తనంతట తనే సెకన్ల పెనాల్టీ వేసేది. వెనక నుంచి గుద్దించుకున్నవాళ్లకి కూడా పెనాల్టీ పడిందని ఎంతోమంది బాధపడ్డారు. ఐరేసింగ్ పద్ధతిలో కనీసం ఒక మేలుంది. ‘నా తప్పు కాదు’ అనుకునేవాడు కూడా తప్పించుకోవడం నేర్చుకుంటాడు. కావాలని గుద్దితే వేరే దారి ఉంది, రిప్లే భద్రపరిచి ప్రొటెస్ట్ (ఫిర్యాదు) పెట్టొచ్చు. అది మనుషులు చూస్తారు.

మూడోగేర్
కొత్తచక్రం తమ్ముడూ, నీ స్పిన్‌కి కారణం దాదాపు తప్పకుండా పెడల్ వదిలే తీరే. ఆ మాజ్డాకి వెనక చక్రాలకే శక్తి, ఏబీఎస్ లేదు, డౌన్‌ఫోర్స్ అని చెప్పుకోవడానికేమీ లేదు. అంతా బరువు ఎటు కదులుతోంది అన్నదాని మీదే నడుస్తుంది.

బ్రేక్ వేస్తే బరువు ముందుకి వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ చురుగ్గా తిప్పితే తేలికైన వెనక భాగం పక్కకి జారుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేసినా ఇదే జరుగుతుంది. ఇంకొకటి గేర్లు. వేగం తగ్గకముందే టకటకా కిందికి దింపితే ఇంజిన్ వెనక చక్రాలని పట్టి ఆపేస్తుంది. చాలామంది బ్రేక్ వల్ల స్పిన్ అయ్యామనుకుంటారు గానీ, అసలు కారణం ఒక గేరు ముందే దింపడం.

చేయాల్సింది: బ్రేక్ మొదట్లోనే గట్టిగా, కారు నేరుగా ఉన్నప్పుడు. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాక బ్రేక్‌ని ఒకేసారి వదలకుండా, స్టీరింగ్ పెరుగుతున్న కొద్దీ పాదం తేలిక చేస్తూ రావాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అనేది ఇదే. నీ దగ్గర పొటెన్షియోమీటర్ పెడల్ ఉందో, లోడ్ సెల్ ఉందో తెలియదు. మొదటిది ఎంత దూరం తొక్కావో కొలుస్తుంది, రెండోది ఎంత బలంతో తొక్కావో కొలుస్తుంది. బలాన్ని గుర్తుపెట్టుకోవడం కాలికి సులువు. కానీ కొనమని చెప్పడం లేదు, మామూలు పెడల్‌తో కూడా ఇది వస్తుంది. బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాలకి బ్రేక్ బలం పంచే అమరిక) మార్చే వీలుంటే ఒకటి రెండు అంకెలు ముందుకి జరుపు. కారు కొంచెం మొండిగా తిరుగుతుంది గానీ వెనక భాగం నిలుస్తుంది. చేతికి అలవాటయ్యాక వెనక్కి తెచ్చుకోవచ్చు.

తెర ఒక్కటే ఉంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెరమీద ఎంత వెడల్పు దృశ్యం కనబడాలన్న అమరిక) కూడా సరిచూసుకో. తెర వెడల్పు, కంటికి తెర మధ్య దూరం ఇస్తే లెక్క వస్తుంది. కార్లు దూరంగా, చిన్నగా కనబడే అమరికలో వేగం సరిగ్గా తెలియదు, బ్రేక్ ఎప్పుడూ తప్పుతుంది.

రాత్రిస్టింట్
కొత్తచక్రం, మూడోగేర్ అన్న చెప్పింది స్పిన్ కాకుండా ఉండటానికి. స్పిన్ అయ్యాక ఏం చేయాలో నేను చెబుతాను, ఎందుకంటే నువ్వన్న రెండో దెబ్బ అక్కడే పడుతోంది.

తిరగడం మొదలైందని తెలిసిన వెంటనే బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకో. కారు ఆగేదాకా వదలొద్దు, ఆగాక కూడా వదలొద్దు. ట్రాక్ మధ్యలో ఉన్నా సరే. పక్కకి తప్పుకుందామని కదిలితేనే ప్రమాదం. వెనక వచ్చేవాళ్లు నువ్వు ఎటు పోతున్నావో చూసి, ఖాళీ అనుకున్న వైపుకి తిప్పుతారు. అప్పుడు నువ్వు అటే దొర్లితే వాళ్లకి దారి ఉండదు. పింగ్‌90 చెప్పిన నెట్‌వర్క్ విషయం ఇక్కడ కూడా వర్తిస్తుంది. కదిలే కారు అందరి తెరమీదా కాస్త తేడా చోట్లలో ఉంటుంది, ఆగిన కారు మాత్రం అందరికీ ఒకే చోట కనిపిస్తుంది. రెలెటివ్ బోర్డు (ముందూ వెనకా కార్లు ఎంత దూరంలో ఉన్నాయో చూపే పట్టిక) చూసి, వెనక తగినంత ఖాళీ వచ్చాకే కదులు. రేసింగ్ లైన్‌కి అడ్డంగా కాకుండా అంచు వెంబడే వేగం అందుకో. స్థానాలు పోతాయి, రేసు పోదు.

నేను ఎక్కువగా ఎండ్యూరెన్స్ రేసులు నడుపుతాను, రెండు మూడు తరగతుల కార్లు ఒకే ట్రాక్ మీద. అక్కడ నాకు బాగా అర్థమైనది, అందరినీ కాపాడేది వేగం కాదు, ఊహించగలిగేలా నడపడం. వేగమైన తరగతి కారు వెనక వస్తే జీటీ కారు నడిపేవాళ్లు కంగారుపడి లైన్ వదిలేస్తారు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఎత్తేస్తారు. దారి ఇచ్చామనుకుంటారు, కానీ వెనకవాడికి అది అడ్డం పడటమే. నీ లైన్ నువ్వు పట్టుకో, దాటే బాధ్యత వేగమైన కారుది. ఐరేసింగ్‌లో నీలం జెండా ‘వెనక వేగమైన కారు ఉంది’ అన్న సమాచారమే, పక్కకి దూకమన్న ఆజ్ఞ కాదు. చోటు ఇవ్వాలనుకుంటే స్ట్రెయిట్‌లో, ముందే, స్పష్టంగా ఇవ్వు. బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో కెమెల్ స్ట్రెయిట్ ఉండగా దానికి ముందున్న వేగమైన మలుపు రైడియోన్‌లో పక్కకి జరగడం ఎందుకు?

కొత్తచక్రం
చాలా థ్యాంక్స్ అక్కా, మూడోగేర్ అన్నా. స్పిన్ అయ్యాక బ్రేక్ పట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. గేర్ల సంగతి ఈ రాత్రే ప్రాక్టీస్‌లో చూస్తాను.

పసుపుజెండా
ఇద్దరి తెరల రిప్లేలూ వచ్చాయి. పింగ్‌90 అన్నట్టు తేడా ఉంది. బీ తెరమీద, ఏ తిప్పే క్షణానికి బీ ముందు చక్రం దాదాపు ఏ తలుపు మొదట్లో ఉంది. ‘ఏ’ తెరమీద అది వెనక చక్రం వెనకే ఉంది. ‘ఏ’ తెరమీద రేడార్‌లో కుడివైపు గుర్తు వెలిగింది ఢీకి సుమారు 0.3 సెకన్ల ముందు. మనిషి స్పందించడానికే 0.2 సెకన్ల పైన పడుతుంది, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పాలి, కారు కదలాలి. ఆ వ్యవధిలో ‘ఏ’ చేయగలిగింది ఏమీ లేదని ముగ్గురం ఒప్పుకున్నాం.

మూడోగేర్ గారి ప్రశ్న కూడా వేసుకుని చూశాం. తిప్పే చోట బీ వేగం అతని మామూలు ల్యాప్‌ల కంటే బాగా ఎక్కువ, స్టీరింగ్ బాగా తిప్పి ఉంది, కారు మాత్రం తిరగడం లేదు. ఢీ జరిగాక కూడా అతను కుడి కెర్బ్ (మలుపు అంచు గట్టు) దగ్గరికి రాలేదు, ఎడమ మలుపు లోపలి కెర్బ్ మీదుగా కోసుకుంటూ వెళ్లాడు. ‘ఏ’ అక్కడ లేకపోయినా అతను ఆ మలుపు పూర్తిచేసేవాడు కాదు.

ఇక శిక్ష ఎంత అన్నదాని మీద మాలో మాకు తేడా ఉంది. ఒక స్టీవర్డ్ ‘తొమ్మిది స్థానాలు పోయాయి, పెద్ద శిక్ష వేయాలి’ అంటున్నారు. ఇంకొకరు ‘చేసిన పనికి శిక్ష, ఫలితానికి కాదు’ అంటున్నారు.

నియమావళి
నాది రెండో మాట. అదే పొరపాటు చేసి ఎదుటి కారు అదృష్టం బాగుండి నిలబడితే హెచ్చరికతో వదిలేస్తాం, తిరిగిపోతే రేసు నుంచి తీసేస్తాం అంటే డ్రైవర్లు నేర్చుకునేది ఏముంటుంది? అదుపు తప్పే వేగంతో లోపలికి రావడమే తప్పు. తగిలినా తగలకపోయినా.

రాత్రిస్టింట్
నేను పూర్తిగా ఒప్పుకోను. ‘ఏ’ వైపు నుంచి చూడండి. వారమంతా సాధన చేసి, రాత్రి నిద్ర మానుకుని రేసుకి వచ్చినవాడు. అతని రేసు పోయింది, బీ నాలుగో స్థానం పాయింట్లు పట్టుకుపోయాడు. ఫలితాన్ని అసలు చూడకపోతే గుద్దడం లాభసాటి అవుతుంది. కనీసం ఆ లాభం బీ చేతిలో ఉండకూడదు. బీ అక్కడే లైన్ వదిలి పక్కన నెమ్మదించి, ఏ తిరిగి లేచి ముందుకొచ్చేదాకా ఆగి ఉంటే నేనే ‘శిక్ష వద్దు’ అనేదాన్ని. చాలా లీగుల్లో అలా స్థానం తిరిగి ఇచ్చినవాళ్ల మీద చర్య తీసుకోరు. ఆ పని చేయడానికి అతనికి రేసులో దాదాపు సగం మిగిలి ఉంది.

లేట్‌బ్రేకర్
ఏ తొమ్మిది స్థానాలు పోగొట్టుకున్నాక బీ ఆగినా ఆ తొమ్మిదీ తిరిగిరావు కదా అక్కా. ఇద్దరూ నష్టపోతారు, లాభం మూడోవాడికి.

రాత్రిస్టింట్
అవును, లాభం మూడోవాడికి. శుభ్రంగా నడిపింది మూడోవాడే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

పసుపుజెండా
తీర్పు ఇది. బీకి నాలుగో స్థానం ఉండదు. రేసు సమయానికి 30 సెకన్లు కలుపుతున్నాం, దాంతో పాయింట్ల స్థానాల బయటికి వెళ్తాడు. లైసెన్స్ మీద పెనాల్టీ పాయింట్లు మామూలు ఢీకి వేసేవే వేస్తాం, కావాలని చేసింది కాదు కాబట్టి ఎక్కువ వేయం. ‘ఏ’ మీద ఎలాంటి చర్యా లేదు.

వచ్చే రేసు నుంచి నియమాల్లో ఒక మార్పు. లోపలి నుంచి దాటేవాడు, ఎదుటివాడు స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టేసరికి కనీసం ముందు చక్రాన్ని అతని తలుపు మధ్య దాకా తెచ్చి ఉండాలి. మలుపు పూర్తయ్యేదాకా తన సగంలోనే ఉండగలగాలి. అంతవరకూ వచ్చినవాడికి ఒక కారు వెడల్పు చోటు ఇవ్వడం బయటివాడి బాధ్యత. ఇవ్వకపోతే శిక్ష బయటివాడికి. అద్దం దాకా అని పెట్టలేదు. లేట్‌బ్రేకర్ అన్నట్టు జీటీ3లో అది మరీ బిగుతుగా ఉంటుంది.

లేట్‌బ్రేకర్
శిక్ష ఎక్కువని ఇప్పటికీ నా అభిప్రాయం. నియమం మాత్రం బాగుంది, స్పష్టంగా ఉంది. ఒకటి అడుగుతాను మూడోగేర్ అన్నా. లోపలి లైన్‌లో ఎంత ముందు బ్రేక్ వేయాలో రేసు మధ్యలో ఎలా తెలుస్తుంది? ప్రాక్టీస్‌లో ఎప్పుడూ ఖాళీ ట్రాక్ మీద, రేసింగ్ లైన్ మీదే తిరుగుతాం. టైర్లు వేడెక్కాక గాలి ఒత్తిడి 26, 27 పీఎస్ఐ మధ్య ఉండేలా చూసుకుంటాం, వింగ్ సరిచేస్తాం, పదో వంతు సెకను కోసం గంటలు కూర్చుంటాం. పక్కన కారు ఉన్నప్పుడు ఎలా ఆపాలో ఎవరూ నేర్పరు.

మూడోగేర్
ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. నేను చూసిన ఢీల్లో చాలావాటికి కారణం దురుసుతనం కాదు, ఈ సాధన లేకపోవడమే. మంచి మనసుతో లోపలికి వచ్చినవాడు కూడా కారు ఆపలేకపోతే గుద్దుతాడు. మర్యాదగా రేసు చేయాలంటే ముందు ఆ మర్యాద చూపగల అదుపు కావాలి.

సాధనకి ఇద్దరు చాలు. ఒకరు రేసింగ్ లైన్ మీద నిలకడైన వేగంతో తిరగాలి, అడ్డుకోకూడదు. రెండోవారు ప్రతి పెద్ద బ్రేకింగ్ చోటా లోపలి నుంచి రావాలి. దాటడం లక్ష్యం కాదు. బయటికి వచ్చేదాకా ట్రాక్ లోపలి సగంలోనే ఉండటమే లక్ష్యం. మొదట్లో రేసింగ్ లైన్ బ్రేకింగ్ గుర్తు కంటే బాగా ముందే వేయండి, మరీ నెమ్మదిగా అనిపించినా సరే. ఒక్కో ల్యాప్‌కీ కొంచెం కొంచెం ఆలస్యం చేయండి. కారు సగం గీత దాటి బయటికి జారిన చోట మీ హద్దు తెలుస్తుంది. ఆ గుర్తు ఒక్కో మలుపుకీ రాసిపెట్టుకోండి. తర్వాత ఇద్దరూ పాత్రలు మార్చుకోండి. పక్కన కారు ఉండగా బయటి వైపు నుంచి మలుపు తిరగడం ఇంకా కష్టం, అక్కడ మీరే చోటు వదలాలి.

ఇంకొకటి, బ్రేక్ వేసేముందే స్లిప్‌స్ట్రీమ్ నుంచి పూర్తిగా పక్కకి రండి. సగం కారు కాదు, పూర్తి కారు. ముందు భాగానికి శుభ్రమైన గాలి తగలాలి. చివరి క్షణం దాకా వెనకే దాక్కుని బ్రేక్ తొక్కుతూ పక్కకి దూకితే రెండు నష్టాలు. మీకు పట్టు ఉండదు, అతనికి మీరు కనిపించరు.

పింగ్‌90
నేను సర్వర్ పెట్టగలను. మోన్జా పెట్టమంటారా, ఇంకేదైనానా?

మూడోగేర్
మోన్జా ఒక్కటే అయితే షికేన్లే వస్తాయి. స్పా కూడా పెట్టండి. లా సోర్స్ నెమ్మదైన హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు), లే కోంబ్ పెద్ద బ్రేకింగ్, పూహోన్ వేగమైన మలుపు. పూహోన్‌లో పక్కపక్కన వెళ్లడం మాత్రం చివర్లో పెట్టుకుందాం, అక్కడ డౌన్‌ఫోర్స్ మీదే నడుస్తుంది, చిన్న తప్పుకే ఇద్దరూ బయటికి పోతారు.

కొత్తచక్రం
నా దగ్గర ఈ సిమ్ కూడా ఉంది. నేనూ రావచ్చా? నిలకడగా లైన్ మీద తిరిగే కారు నాది అనుకోండి.

మూడోగేర్
తప్పకుండా రా తమ్ముడూ. లేట్‌బ్రేకర్, నువ్వు మొదట లోపలి నుంచి వచ్చే కారు తీసుకో. ఇంధనం సగం ట్యాంక్, ట్రాక్ ఉష్ణోగ్రత అందరికీ ఒకటే, డ్యామేజ్ ఆన్. డ్యామేజ్ ఆఫ్ చేస్తే ఎవరూ జాగ్రత్తపడరు.

లేట్‌బ్రేకర్
సరే అన్నా, వస్తాను. ‘ఏ’ కూడా చదువుతుంటే రమ్మనండి.

పసుపుజెండా
ఏ, బీ ఇద్దరికీ లింక్ పంపాను. కొత్త నియమం రేపటికల్లా లీగ్ పేజీలో పెడతాను. మలుపు వారీగా ఎవరికైనా సందేహాలుంటే ఇదే చర్చలో రాయండి, మూసేయడం లేదు.